ఈ గదిలో ఏం పగలగొట్టారు?

ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ నేను ఒక్క హ్యాకర్‌ని కూడా పట్టుకోలేదు. ఈ సంగతి మొదటే చెప్పడం మంచిది. జనక్‌పురిలో మా బిల్డింగు వాళ్ళకి ఎవరికైనా బ్యాంకు పేరుతో దొంగ ఫోను వస్తే ఇప్పటికీ నా తలుపే కొడతారు. "ఆంటీజీ, ఆప్ తో సైబర్ మే థీ నా?" అంటారు. నిజమే, సైబర్ విభాగంలోనే ఉన్నాను. కానీ నేను చేసిన పని వేరు. కాలేజీల్లో, యూనివర్సిటీల్లో సైబర్ భద్రత చదువు కోసం కేంద్ర ప్రభుత్వం ఇచ్చే సహాయం ఎవరికి అందాలో, అందాక ఏమవుతోందో చూసే చిన్న విభాగం మాది. ల్యాబులకి పరికరాలు, అధ్యాపకులకి శిక్షణ, విద్యార్థులకి ఉపకార వేతనాలు మా చేతుల మీదుగా వెళ్ళేవి.

ఆ విభాగంలో కొత్తగా చేరేవాళ్ళు, ఈ సబ్జెక్టు చెప్పబోయే కుర్ర లెక్చరర్లు అప్పుడప్పుడు ఫోను చేసి, "పని ఎలా ఉంటుంది మేడమ్?" అని అడుగుతుంటారు. నిబంధనల్లో ఉన్నది వాళ్ళు చదువుకోగలరు. అందులో లేనిది ఇక్కడ రాస్తున్నాను. నా ప్రమోషన్ల సంగతి రాయను. వాటివల్ల ఎవరికీ ఏమీ తెలియదు, నాకూ తెలియలేదు.

ఒంగోలు హాలు

మా నాన్న ఒంగోలులో బడిపంతులు. ఆదివారం సాయంత్రాలు నన్ను వెంటబెట్టుకుని చర్చాసభలకి తీసుకెళ్ళేవాడు. చిన్న హాలు, చెక్క బెంచీలు, ఎప్పుడూ గీపెట్టే మైకు. అక్కడ మా నాన్న స్నేహితుడు ఒకాయన వేదిక ఎక్కి, గాలిలోంచి విభూతి తీసి ముందు వరుసలో వాళ్ళ చేతుల్లో పోసేవాడు. ఆడవాళ్ళు కళ్ళకద్దుకునేవారు. అప్పుడు ఆయన చొక్కా చేతులు పైకి మడిచి, వేళ్ళ సందున ఉండ ఎలా దాచాడో, ఎప్పుడు నలిపాడో నెమ్మదిగా మళ్ళీ చేసి చూపించేవాడు. ఆ వారం మా ఊళ్ళో దిగిన బాబాకి వసూళ్ళు పడిపోయేవి.

తర్వాత చాలా ఏళ్ళకి, ఢిల్లీలో ఒక సమావేశంలో, ఆర్థిక విభాగం అధికారి మా ఫైలు పక్కకి నెట్టి, "మేడమ్, పిల్లలకి దాడి చేయడం నేర్పిస్తారా? సర్కారు ఖర్చుతో దొంగల్ని తయారుచేస్తారా?" అన్నాడు. గదిలో అందరూ తలలూపారు. నేను ఆ హాలు కథ చెప్పాను. "విభూతి ఎలా తీస్తారో చూసిన వందమందిలో ఒక్కడు కూడా బాబా కాలేదు సార్. కానీ ఆ వందమందీ మళ్ళీ ఏ బాబా చేతిలోనూ మోసపోలేదు" అన్నాను. ఆయన "మీరు నాస్తికులా?" అని అడిగాడు. "ఫైలుకి ఆ వివరం అవసరమా?" అన్నాను. సంతకం పెట్టాడు.

ఈ చదువు సారమంతా అదే. ఎవరు చెప్పారన్నది పక్కన పెట్టి, ఎలా తెలిసిందని అడగాలి. పెద్దవాళ్ళు అన్నారు కాబట్టి, కంపెనీ వాడు రాసిచ్చాడు కాబట్టి, ఇన్నాళ్ళూ ఏమీ కాలేదు కాబట్టి అనే మూడు జవాబులూ భద్రతలో చెల్లవు. అవి చెల్లే కాలేజీలో ఎన్ని పరికరాలు దింపినా లాభం లేదు.

భాటియా గారి ప్రశ్న

నాకు పని నేర్పిన పై అధికారి పేరు భాటియా. పంజాబీ మనిషి. ఎక్కువ మాట్లాడేవారు కాదు, మాట్లాడినప్పుడు మాత్రం ఎవరో ఒకరు నొచ్చుకునేవారు. ఆయనతో నా మొదటి తనిఖీ గాజియాబాద్ దాటాక ఒక కాలేజీలో జరిగింది. ల్యాబు ముందు చెప్పులు విప్పమన్నారు. లోపల ఫినాయిలు వాసన. మానిటర్ల మీద ప్లాస్టిక్ తొడుగులు. గోడ మీద ముసుగు వేసుకున్న మనిషి బొమ్మ, వెనక ఆకుపచ్చ అక్షరాలు. విద్యార్థులు లేచి నిలబడి ఒకే గొంతుతో గుడ్ మార్నింగ్ చెప్పారు. తర్వాత ఒక అబ్బాయి దాడి చేశాడు, ఇంకో అబ్బాయి అడ్డుకున్నాడు. స్కూలు వార్షికోత్సవంలో నాటకంలాగా ఇద్దరూ డైలాగులు బట్టీపట్టారు. అడ్డుకునేవాడు ఒక మాట ముందే అనేశాడు కూడా.

భాటియా గారు దాడి చేసిన అబ్బాయి భుజం మీద చెయ్యి వేసి అడిగారు. "బేటా, ఇస్ కమ్రే మే అబ్ తక్ క్యా తోడా హై?" ఈ గదిలో ఇప్పటిదాకా ఏం పగలగొట్టారు?

అబ్బాయి ఒట్టేసి, ఏమీ పగలగొట్టలేదన్నాడు. "కుఛ్ నహీ సర్! కసమ్ సే, కుఛ్ నహీ!"

ప్రిన్సిపాల్ గర్వంగా నవ్వాడు. తిరుగుప్రయాణంలో భాటియా గారు కారు కిటికీలోంచి బయటికి చూస్తూ, "కడాయికి మసి లేని వంటిల్లు చూపించి, రోజూ పూరీలు వేస్తున్నామంటే నువ్వు నమ్ముతావా?" అన్నారు. ఆ కాలేజీకి ఆ ఏడాది సహాయం ఆగింది. ప్రిన్సిపాల్ ఎవరెవరి చేతో ఫోన్లు చేయించాడు. భాటియా గారు ఫోనెత్తి, విని, "పగలగొట్టడం మొదలుపెట్టాక చెప్పమనండి" అని పెట్టేసేవారు.

భద్రత నేర్పే ల్యాబు అంటే పగలగొట్టడానికి అనుమతి ఉన్న గది. అక్కడి యంత్రాలు పాడు చేయడానికే ఉన్నాయి. పాడు చేసి, ఎలా పాడైందో రాసి, మళ్ళీ నిలబెట్టి, మళ్ళీ పాడు చేయాలి. మన కాలేజీలు దాన్ని పూజగది చేశాయి. మడి కట్టుకున్నవాళ్ళు తప్ప ఎవరూ ముట్టుకోకూడదు, తనిఖీ రోజున మాత్రం తలుపు తీసి దర్శనం ఇవ్వాలి.

తప్పు కాలేజీలది మాత్రమే అనను. మా పథకం యంత్రాలని లెక్కపెట్టింది, పాఠం చెప్పే మనిషిని లెక్కపెట్టలేదు. ఒక లెక్చరర్ శిక్షణ ముగించుకుని కళ్ళలో వెలుగుతో తిరిగి వస్తాడు. వచ్చిన వారమే అడ్మిషన్ల డ్యూటీ వేస్తారు. తర్వాత పరీక్షల డ్యూటీ. తర్వాత ఎవరో వీఐపీ వస్తే శాలువాలు కొనుక్కొచ్చే డ్యూటీ. మరుసటి ఏడాదికి ఆ వెలుగు ఉండదు. దీని గురించి నేను రాసిన నోట్లకి పైనుంచి వచ్చిన జవాబు ఎప్పుడూ ఒకటే: ప్రారంభోత్సవం ఫొటోలు పంపండి.

మైకులో చదివిన తాళంచెవి

భాటియా గారు రిటైరయ్యాక జరిగిన సంగతి ఇది. గురుగ్రామ్ దాటాక హైవే పక్కన ఒక ప్రైవేటు యూనివర్సిటీకి మా పథకం కింద ల్యాబు మంజూరైంది. చైర్మన్ హర్యానా మనిషి, ఇటుక బట్టీల నుంచి పైకొచ్చినవాడు. చెడ్డవాడు కాదు. హాస్టల్లో పిల్లలు తినే చోటే కూర్చుని తినేవాడు. కానీ ఆయన ప్రతి పనికీ ఒక పండిట్‌జీ, ఒక ముహూర్తం ఉండాలి. ల్యాబు పరికరాలు వానాకాలమంతా పెట్టెల్లోనే ఉన్నాయి. ఎందుకంటే మంచిరోజు దొరకలేదు.

దొరికిన రోజున నన్ను పిలిచారు. తలుపుకి నిమ్మకాయలు, మిరపకాయలు. సర్వర్ల బీరువాకి కుంకుమ బొట్లు. పండిట్‌జీ కొబ్బరికాయని నేలమీదే కొట్టారు. నీళ్ళు చిమ్మి ఎక్స్‌టెన్షన్ బోర్డులోకి పోయాయి. గదంతా చీకటి. "దోష్ చలా గయా" అన్నారు పండిట్‌జీ, దోషం పోయిందని. "నహీ జీ, ఫ్యూజ్ చలా గయా" అన్నాడు ఎలక్ట్రీషియన్. వెనక పిల్లలు పగలబడి నవ్వారు. నేనూ నవ్వాను.

కరెంటు వచ్చాక అసలు పని జరిగింది. యంత్రం చెవిన పడే మొదటి మాట దేవుడి పేరే కావాలని చైర్మన్ గారి కోరిక. కాబట్టి అడ్మినిస్ట్రేటర్ పాస్‌వర్డుగా తన ఇష్టదైవం పేరూ, దాని పక్కన పండిట్‌జీ చెప్పిన శుభసంఖ్యా పెట్టాలన్నారు. హారతి వెలుగుతుండగా ఆయనే కూర్చుని, ఒక్కొక్క అక్షరం మైకులో పలుకుతూ టైపు చేశారు. పక్కన ఆడిటోరియంలో వింటున్న విద్యార్థులంతా చప్పట్లు కొట్టారు.

చప్పట్లు ఆగకముందే నేను రిజిస్ట్రార్ దగ్గరికి వెళ్ళాను. "ఈ రోజే మార్చండి. అందరూ విన్నారు" అన్నాను.

దేవుడి పేరుకన్నా గట్టిది ఏముంటుందని ఆయన చేతులు జోడించాడు. "మేడమ్, భగవాన్ కా నామ్ హై. ఇస్ సే స్ట్రాంగ్ క్యా హోగా?"

రిపోర్టులో ఈ విషయం మొదటి వాక్యంగా రాశాను. భాటియా గారి కుర్చీలోకి వచ్చిన కొత్త అధికారి పెన్నుతో దాన్ని కొట్టేసి, "చిన్న విషయం మేడమ్, ఛోడియే. ఫొటోలు మాత్రం బాగా వచ్చాయి" అన్నాడు.

పల్లవి

మరుసటి ఏడాది సమీక్షకి మళ్ళీ అదే ల్యాబుకి వెళ్ళాను. నిమ్మకాయలు ఎండిపోయి నల్లబడ్డాయి, తొడుగులు మాత్రం కొత్తవి. ఆ విభాగానికి అధిపతి డాక్టర్ త్యాగి, మా పథకం కింద శిక్షణ పొందినవాడు. సబ్జెక్టు తెలిసినవాడు, ఎదురుగా ఉన్నవాళ్ళ మొహం చూడకుండా మాట్లాడే అలవాటు. నేను ఎప్పటిలాగే భాటియా గారి ప్రశ్న అడిగాను. ఈ గదిలో ఏం పగలగొట్టారు?

చివరి వరుసలో ఒకమ్మాయి చెయ్యెత్తింది. "యహా తో కుఛ్ ఛూనే నహీ దేతే, మేడమ్. లేకిన్ బాహర్..." ఇక్కడ ఏమీ ముట్టుకోనివ్వరు, కానీ బయట అని.

"పల్లవీ! బైఠ్ జావో!" అని త్యాగి అరిచాడు. అమ్మాయి కూర్చుంది. తర్వాత అడిగితే, "విచారణలో ఉన్న విషయం మేడమ్, నేనేమీ మాట్లాడకూడదు" అని నేలచూపులు చూశాడు.

ఆ తర్వాతి వారం ఒకాయన ఫోను చేశాడు. పేరు నర్సింహ, నల్గొండ వైపు మనిషి, ఒక కేంద్ర మంత్రిత్వ శాఖలో సెక్షన్ ఆఫీసరు, ద్వారకలో ఉంటారు. పల్లవి తండ్రి. "మీరు తెలుగోళ్ళని తెలిసింది మేడమ్. జనక్‌పురిల మీ ఇంటికి ఒక్కసారి వస్తం" అన్నాడు.

"ఇంటికి రావద్దు, ఆఫీసుకి రండి. తెలుగుదాన్నని రావద్దు, అది నా పని కాబట్టి రండి" అన్నాను. నొచ్చుకున్నట్టున్నాడు. అయినా వచ్చాడు, కూతుర్ని తీసుకుని.

జరిగింది ఇదీ. పల్లవి మూడో ఏడాది విద్యార్థిని. ల్యాబు ప్రారంభం రోజున చైర్మన్ గారు మైకులో చదివిన పాస్‌వర్డు అందరితోపాటు తనూ వింది. ల్యాబుకి ఆ పాస్‌వర్డు పెట్టిన మనిషి పరీక్షా ఫలితాల పోర్టల్‌కి వేరేది పెడతాడా అని అనుమానం వచ్చింది. ప్రయత్నించింది. పోర్టల్ తెరుచుకుంది. అందరి మార్కులూ, మార్చడానికి వీలుగా, కళ్ళ ముందుకొచ్చాయి. వెంటనే మూసేసి త్యాగికి మెయిల్ రాసింది. జవాబు రాలేదు. వారం తర్వాత నోటీసు వచ్చింది.

"నీ మార్కులు చూసుకున్నావా?" అని అడిగాను.

"లేదు ఆంటీ... సారీ, మేడమ్."

"చూడాలనిపించలేదా?"

"అనిపించింది. లేకిన్ ఫిర్ వో చోరీ హో జాతీ నా."

చూస్తే అది దొంగతనం అవుతుందంటోంది. పల్లవికి తెలుగు అర్థమవుతుంది, సగం వాక్యం తర్వాత మాత్రం హిందీలోకి జారిపోతుంది. తండ్రి మధ్యలో అందుకున్నాడు. "వాళ్ళు కాయితం ఇచ్చిన్రు మేడమ్. దురుద్దేశంతోటి చొరబడ్డ, మాఫ్ చేయున్రి అని సంతకం పెట్టమంటున్రు. పెడితే వార్నింగ్ ఇచ్చి ఇడిసిపెడ్తరట. లేకుంటే కాలేజీల నుంచి తీసేసి పోలీసులకు చెప్తరట. నేనేమంటున్ననంటే, ఒక్క సంతకం. పెట్టేస్తే అయిపోతది గద."

"డాడీ, మైనే బురా క్యా కియా?"

"చెడ్డపని చేసినవని నేనంటలేను బిడ్డా. సర్కారు నౌకరి చేసెటోళ్ళం. పోలీసు కేసంటే నీ బతుకేమైతది?"

ఇద్దరికీ చెప్పాల్సింది చెప్పాను. ముందు పల్లవికి: అనుమతి లేకుండా ఇంకొకరి వ్యవస్థలోకి వెళ్ళడం చట్టం ప్రకారం తప్పు, ఈ వృత్తి ప్రకారం కూడా తప్పే. నీ అనుమానాన్ని తలుపు తెరవకుండానే చెప్పి ఉండొచ్చు. ఆమె తల వంచుకుని, "హా, మేడమ్" అంది. తర్వాత తండ్రికి: ఆ కాగితంలో 'దురుద్దేశం' అన్న మాట మీద సంతకం పెడితే ఏదీ అయిపోదు, అప్పుడే మొదలవుతుంది. మీ అమ్మాయి రేపు ఏ ఉద్యోగానికి వెళ్ళినా ఈ రంగంలో మొదట అడిగేది నమ్మకం గురించే. చేయని నేరాన్ని తన చేత్తో ఒప్పుకున్న కాగితం ఆమె వెనకాలే నడుస్తుంది.

"అయితే ఏం చెయ్యాలె?" అన్నాడు ఆయన.

"ఏం చేశారో అదే రాయండి. అంతకన్నా ఎక్కువ రాయకండి, తక్కువా రాయకండి."

వాళ్ళు వెళ్ళాక కొత్త అధికారి నన్ను పిలిచి, "డిసిప్లిన్ ఉన్‌కా ఇంటర్నల్ మ్యాటర్ హై, మేడమ్. మీరు అందులో వేలు పెట్టొద్దు" అన్నాడు. నిబంధన ప్రకారం ఆయన మాట నిజమే. కానీ ల్యాబు సలహా సంఘంలో నేను సభ్యురాలిని, రెండో విడత సహాయానికి సిఫార్సు రాయాల్సింది కూడా నేనే. సమీక్ష ఇంకా ముగియలేదనీ, ముగించడానికి విచారణ రోజునే వస్తున్నాననీ యూనివర్సిటీకి లేఖ రాశాను. ఒక నిబంధన తలుపు మూస్తే, ఇంకో నిబంధన దగ్గర కిటికీ ఉందేమో చూడండి. ఫైళ్ళు చదవడం వల్ల ఆ మాత్రం ఉపయోగం ఉండాలి.

పితృపక్షంలో విచారణ

విచారణ జరిగింది భాద్రపదం రెండో సగంలో. ఇక్కడివాళ్ళు శ్రాద్ధ్ అంటారు. ఆ పక్షం రోజులూ కొత్త పని ఏదీ మొదలుపెట్టరు. కొత్త చొక్కా కూడా వేసుకోరు. సమావేశం గదిలో చైర్మన్, రిజిస్ట్రార్, త్యాగి, ఇంకో ఇద్దరు అధ్యాపకులు. బల్లకి ఈ చివర పల్లవి, నర్సింహ గారు. ఆయన ఇస్త్రీ చేసిన సఫారీ సూటు వేసుకొచ్చాడు, ఒడిలో చేతులు పెట్టుకుని కూర్చున్నాడు.

"మేడమ్‌జీ, బిటియా నే తాలా తోడ్ దియా" అన్నారు చైర్మన్. అమ్మాయి తాళం పగలగొట్టింది.

"తాళం పగల్లేదు చైర్మన్‌సాబ్. తాళంచెవి మీరే మైకులో చదివారు. నేనూ విన్నాను."

రిజిస్ట్రార్ గొంతు సవరించుకున్నాడు. నేను ఆయన వైపు తిరిగాను. "పోర్టల్ పాస్‌వర్డు మార్చారా?"

రిజిస్ట్రార్ ఫైలు పేజీలు తిప్పాడు.

"ఈ అమ్మాయి చెప్పి ఇన్నాళ్ళైంది. మార్చారా, లేదా?"

"మేడమ్," అన్నాడు రిజిస్ట్రార్, చిన్నపిల్లలకి చెప్పినట్టు, "శ్రాద్ధ్ చల్ రహే హై నా. నవరాత్రే కే పెహలే దిన్ బదల్ దేంగే. పండిట్‌జీ నే నయా నామ్ భీ దే దియా హై."

నవరాత్రుల మొదటి రోజున మారుస్తారట, పండిట్‌జీ కొత్త పేరు కూడా ఇచ్చేశారట. క్యాంపస్‌లో ప్రతి విద్యార్థికీ తెలిసిన పాస్‌వర్డుతో ప్రతి విద్యార్థి మార్కులూ తెరిచి ఉన్నాయి. మూయడానికి మంచిరోజు కోసం చూస్తున్నారు. తెరిచి ఉందని చెప్పిన పిల్లని శిక్షించడానికి మాత్రం ఏ రోజైనా మంచిదే!

ఆ మాటలే పైకి అన్నాను. "మార్కులు దొంగిలించేవాడు పంచాంగం చూసుకుని వస్తాడా రిజిస్ట్రార్‌సాబ్?" అని కూడా అడిగాను.

చైర్మన్ మొహం ఎర్రబడింది. "మేడమ్‌జీ, ధరమ్ జోలికి రాకండి. ఈ పేరుతోనే ఈ సంస్థ పెరిగింది."

"పెరగనివ్వండి. మీ దేవుడి పేరు మీ పూజగదిలో ఉంటే నాకేం అభ్యంతరం? అక్కడ ఆ పేరు అందరికీ తెలియాలి. పాస్‌వర్డు మాత్రం ఎవరికీ తెలియకూడదు. ఒకే మాట రెండు పనులూ చేయలేదు."

రిజిస్ట్రార్ సంగతి అక్కడితో తెంచేద్దామని క్షమాపణ కాగితాన్ని పల్లవి ముందుకి జరిపాడు. పెన్ను మూత కూడా తనే తీసి ఇచ్చాడు. "సైన్ కరో, బాత్ ఖతమ్."

"పెట్టు బిడ్డా" అన్నాడు నర్సింహ గారు, వినపడీ వినపడనట్టు.

పల్లవి పెన్ను తీసుకుంది. కాగితం మొత్తం చదివింది. ఆ గదిలో అందరికన్నా నెమ్మదిగా ఊపిరి తీసుకుంటున్నది ఆమే. "సర్, పర్మిషన్ లేకుండా చూశాను, వో సచ్ హై. అది రాస్తాను. 'దురుద్దేశం' అని మాత్రం నహీ లిఖూంగీ."

"కాగితంలో మార్పులుండవు."

"అయితే మై సైన్ నహీ కరూంగీ, సర్."

తండ్రి కళ్ళు మూసుకున్నాడు. నేను నోరు తెరిచేలోగా కుర్చీ వెనక్కి జరిగిన చప్పుడైంది. లేచింది త్యాగి.

"సర్, వో ఎక్సర్‌సైజ్ మేరీ థీ" అన్నాడు. మొదటిసారి చైర్మన్ మొహం సూటిగా చూస్తున్నాడు. "మనుషులు దేన్ని ప్రేమిస్తారో దాన్నే పాస్‌వర్డుగా పెట్టుకుంటారని పాఠం చెప్పింది నేను. మీకు తెలిసినవాళ్ళు ఏం పెట్టుకుని ఉంటారో ఆలోచించుకు రండి అని బోర్డు మీద రాసింది నేను. ఈమె ఆలోచించింది. నాకు మెయిల్ రాసింది. అదే రోజు చదివాను సర్. భయపడి జవాబివ్వలేదు. ఈమె పేరు రాయాలంటే పైన నా పేరు రాయండి."

అంత పెద్ద సంస్థలో ఆ వాక్యం చెప్పడానికి జీతం వచ్చే మనిషి ఆయనొక్కడే. చెప్పాడు. మా పథకం అప్పటిదాకా ఇచ్చిన యంత్రాలన్నిటికన్నా ఆయన శిక్షణ కోసం పెట్టిన ఆ కొద్ది ఖర్చే పనికొచ్చిందని నాకు ఆ క్షణంలో తెలిసింది.

ఇక నా వంతు. బెదిరించలేదు. రిపోర్టులో ఏం రాస్తానో చెప్పాను, అంతే. లోపం చెప్పిన విద్యార్థినిని ఏం చేశారు, లోపాన్ని ఈ రోజు సరిచేశారా లేదా. ఈ రెండు వాక్యాలూ ఉంటాయి. వాటిలో ఏముండాలో మీరే నిర్ణయించండి అన్నాను.

చైర్మన్ ఇప్పుడే మారిస్తే ఎంతసేపని త్యాగిని అడిగారు. "అభీ బదలేగా తో కిత్తా టైమ్ లాగేగా?"

"చాయ్ వచ్చేలోపు, సర్."

త్యాగి అక్కడే కూర్చుని మార్చాడు. ఇటుక బట్టీల్లో కాలిన చేతులు చైర్మన్‌వి. రెండూ జోడించి, కళ్ళు మూసుకుని, పెదవులు కదుపుతూ కూర్చున్నారు. నాకు నవ్వు రాలేదు. భయం నిజమైనదే, దానికి ఆయన నమ్మిన కారణమే అబద్ధం. హేతువాదం పేరుతో మాట్లాడేవాళ్ళు ఈ తేడా మరిచిపోతే వాళ్ళ మాట ఎవరి చెవికీ ఎక్కదు. మా ఒంగోలు హాల్లో కూడా విభూతి కళ్ళకద్దుకున్న ఆడవాళ్ళని చూసి నవ్వినవాణ్ణి మా నాన్న బయటికి పంపేవాడు.

చాయ్ వచ్చింది. ఏ ఉపద్రవమూ రాలేదు. చైర్మన్ కళ్ళు తెరిచి, తన కప్పు నర్సింహ గారి ముందుకి జరిపి, "లో జీ, చాయ్ పీయో" అన్నారు.

పల్లవి తెల్లకాగితం అడిగి తీసుకుంది. అనుమతి లేకుండా పోర్టల్ తెరిచాను, ఏమీ ముట్టుకోలేదు, వెంటనే చెప్పాను అని రాసి సంతకం పెట్టింది. ఇకముందు అనుమతి తీసుకోవాలని సంఘం ఒక మాట రాసి విచారణ ముగించింది. ఆమె సంతకం పైన ఉన్న మూడు ముక్కలూ నిజమే. అంతకన్నా గొప్ప తీర్పు నేను కోరుకోలేదు.

ఎవరికి చెప్పాలి

తర్వాత నేను పథకంలో ఒక నిబంధన చేర్చమని పట్టుబట్టాను. సహాయం తీసుకునే ప్రతి సంస్థలోనూ లోపం కనిపిస్తే చెప్పడానికి ఒక మనిషి ఉండాలి, మంచి ఉద్దేశంతో చెప్పినవాళ్ళని శిక్షించబోమని రాసివ్వాలి. కొత్త అధికారి దాన్ని పక్కన పెట్టాడు. ఆయన తర్వాత వచ్చినామె ఒక్క కామా మార్చకుండా సంతకం పెట్టింది. చాలాచోట్ల ఆ మనిషి పేరు నోటీసు బోర్డుకే పరిమితమని నాకు తెలుసు. మీరు వెళ్ళినప్పుడు బోర్డు చూసి ఊరుకోకండి. ఏ విద్యార్థినైనా ఆపి, ఆ మనిషి కూర్చునే గది ఎక్కడో అడగండి. దారి చెప్పగలిగితే ఆ కాలేజీ బాగుపడుతుంది.

ఆ నిబంధన ఆలోచన నాది కాదు. విచారణ ముగిశాక వరండాలోకి వచ్చాం. నర్సింహ గారు అద్దాలు తుడుచుకుంటున్నాడు. "మేడమ్, ఇంట్ల కూడ ఇంతే. నా బ్యాంకు పాస్‌వర్డు మార్పించింది. రెండుసార్లు మర్చిపోయిన, రెండుసార్లు తిట్టింది" అంటున్నాడు, ఏడుపూ నవ్వూ కలిసిన గొంతుతో. త్యాగి ఎవరినీ చూడకుండా తన గదివైపు నడుస్తున్నాడు. పల్లవి నా పక్కకి వచ్చింది. కృతజ్ఞతలు చెబుతుందనుకున్నాను.

"మేడమ్, అగ్లీ బార్ కిస్‌కో బతానా హై? వచ్చేసారి ఎవరికి చెప్పాలి?"

"అంటే?"

"ఈసారి పర్మిషన్ లేకుండా తెరవలేదు. బయట నుంచి చూస్తేనే తెలిసిపోతోంది. లైబ్రరీ సర్వర్‌లో లోపం."

"ఇస్కీ తో..." అన్నాడు నర్సింహ గారు. నల్గొండ మనిషి నోట అచ్చమైన ఢిల్లీ తిట్టు విన్నది అప్పుడే. "బిడ్డా, ఇప్పుడే గద బయటపడ్డం!"

జవాబు చెప్పాల్సింది నేను కాదు. త్యాగి తలుపు దగ్గర ఆగిపోయాడు. వెనక్కి తిరిగి మమ్మల్ని చూశాడు, ముగ్గురినీ, ఒక్కొక్కరినీ. లోపలికి వెళ్ళి కుర్చీ మీద ఉన్న పరీక్ష పేపర్ల కట్టలు తీసి నేలమీద పెట్టాడు. కుర్చీని తన బల్లకి ఎదురుగా లాగాడు.

"బైఠో" అన్నాడు పల్లవితో. "బతావో."